కుటుంబ ఎస్టేటు పరిశోధన అడవి కావాలంటే: వైథమ్ చరిత్ర, మన గుంటూరు కాగితాలు

కొండవీటిగాలి (ప్రశ్న)

నమస్కారమండి. ఫిరంగిపురం దగ్గర కొండ వాలులో ఒక కుటుంబానికి 60 ఎకరాల దాకా చిట్టడవీ తోపూ కలిసి ఉంది. ఊళ్ళో అందరికీ అది ‘ఎస్టేటు’. పైన బిల్లుడు, చండ్ర, రేల, బలుసు. కింద చింతలు, వేపలు, గట్ల వెంట తాడిచెట్లు. ఈశాన్యం మూల నుంచి సర్కారు తుమ్మ ఎక్కి వస్తోంది. ప్లాట్లు వేసి అమ్మడం ఇష్టం లేక, ఏదైనా యూనివర్సిటీకి పరిశోధన కోసం అప్పగిద్దామని కుటుంబంలో పెద్దవాళ్ళ ఆలోచన. దానికి ముందు ఆ నేల చరిత్ర రాసిపెట్టమని మా ప్రకృతి అధ్యయన బృందాన్ని అడిగారు.

తెలుసుకోవాల్సినవి మూడు. ఇంగ్లండులో వైథమ్ అడవి ఒక కుటుంబం ఎస్టేటు నుంచి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ చేతికి వచ్చిందని అందరూ ఉదాహరణ చెబుతారు. అక్కడ నిజంగా ఏం జరిగింది, ఏ షరతుల మీద? రెండోది, గుంటూరు జిల్లాలో ఇలాంటి నేల పాత సంగతులు ఏ రికార్డుల్లో, ఏ వరసలో వెతకాలి? మూడోది, యూనివర్సిటీ వాళ్ళు వచ్చేలోపు మేమే చెట్ల లెక్క మొదలుపెడితే అది రేపు వాళ్ళకు పనికొచ్చేలా ఎలా చెయ్యాలి? ‘తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి’ లాంటి జవాబులు ఇప్పటికే చాలా వచ్చాయి. కాస్త లోతుగా చెప్పగలరు.

ఆకుపచ్చదారి

వైథమ్ సంగతి నేను చెబుతాను. మన రికార్డుల జోలికి వెళ్ళను, అది తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

వైథమ్ ఆక్స్‌ఫర్డ్ ఊరికి వాయవ్యంగా, థేమ్స్ నది వంపులో ఉన్న గుట్ట. అడవి సుమారు 1,000 ఎకరాలు. మధ్యయుగంలో అబింగ్డన్ మఠం కింద ఉండేది. 16వ శతాబ్దంలో మఠాలు రద్దయ్యాక చేతులు మారుతూ మారుతూ అబింగ్డన్ ఎర్ల్ వంశానికి చేరింది. ఇప్పుడు అక్కడ కనిపించే బీచ్ చెట్ల తోటలు కొన్ని 19వ శతాబ్దంలో ఆ వంశంవాళ్ళు నాటించినవే. అంటే ‘తాకని అడవి’ అనుకునే దాంట్లో మూడు రకాల నేల ఉంది: వందల ఏళ్ళుగా అడవిగానే ఉన్న భాగం, ఒకప్పుడు మేత బీడుగా ఉండి తర్వాత చెట్లు కమ్ముకున్న భాగం, మనుషులు నాటిన భాగం. పరిశోధకులకు అదే పెద్ద సౌకర్యమైంది. మీరు చరిత్ర రాసేటప్పుడు కూడా 60 ఎకరాలకూ కలిపి ఒకే కథ రాయకండి. ఏ ముక్క ఎప్పుడు ఏ వాడకంలో ఉందో ముక్కల వారీగా రాస్తేనే శాస్త్రవేత్తకు ఉపయోగం.

1920లో ఎస్టేటును ఫెనెల్ కుటుంబం కొన్నది. రేమండ్ ఫెనెల్ దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో సంపాదించిన మనిషి. ఒక్కగానొక్క కూతురు హేజెల్ 1939లో చనిపోయింది. 1942లో ఆయన అడవి భాగాన్ని ఆమె పేరున యూనివర్సిటీకి రాసిచ్చాడు. ఎస్టేటులోని మిగతా భూమిని యూనివర్సిటీ కొనుక్కుంది. అందరూ ‘దానం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ సగం దానం, సగం కొనుగోలు అది. ఇచ్చేటప్పటి షరతుల సారం ఇది: అడవిని కాపాడాలి, విద్యార్థుల చదువుకు వాడాలి, పరిశోధనకు వీలు కల్పించాలి. ఏ పరిశోధన, ఎవరు, ఎన్నేళ్ళు అని గీత గియ్యలేదు. నా దృష్టిలో ఆ ఖాళీ ఉంచడమే తెలివైన పని.

ఎందుకంటే తర్వాత వచ్చినవాళ్ళు దాత ఊహించని పనులు చేశారు. 1940లలోనే చార్లెస్ ఎల్టన్ బృందం అక్కడి జంతుజాలాన్ని ఆవాసాల వారీగా నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. 1947లో డేవిడ్ లాక్ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల కోసం గూటిపెట్టెలు పెట్టించాడు. అప్పటి నుంచి ఏటా ఏ పెట్టెలో ఎప్పుడు మొదటి గుడ్డు, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు ఎగిరాయి అని రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు పెట్టెలు వెయ్యికి పైనే. మొదట్లో చెక్క పెట్టెలు. వీజెల్ అనే ముంగిసలాంటి జంతువు వాటిలో దూరి పిల్లల్ని తినేసేది. 1970లలో సిమెంటు కలిపిన పెట్టెలు వేలాడదీశాక ఆ బెడద తగ్గింది. ఇలా పెట్టె మారిన సంవత్సరం రాసి ఉండబట్టే ముందు లెక్కనీ తర్వాతి లెక్కనీ జాగ్రత్తగా పోల్చగలుగుతున్నారు. వసంతాలు వెచ్చబడ్డకొద్దీ ఆ పిట్టలు దాదాపు రెండు వారాలు ముందుగా గుడ్లు పెడుతున్నాయన్న ఫలితం ఈ అర్ధశతాబ్దపు చిట్టాల్లోంచి వచ్చిందే. ఓక్ చిగుళ్ళు తినే గొంగళిపురుగులు ముందే వస్తే పిట్ట కూడా ముందుకు జరగాలి మరి.

ఇంకో రెండు అడవుల పేర్లు రాసుకోండి. అమెరికాలో యేల్-మైయర్స్ అడవి: జార్జ్ హ్యూయిట్ మైయర్స్ కనెటికట్ రాష్ట్రంలో రైతులు వదిలేసి పోయిన బీడు పొలాలు కొని కూడబెట్టి 1930 నుంచి యేల్ యూనివర్సిటీకి ఇచ్చాడు. మొత్తం 7,840 ఎకరాలు. ఆ అడవిలో ఇప్పటికీ పాత పొలాల రాతి గోడలు కనిపిస్తాయి. రెండోది బ్లాక్ రాక్ అడవి, న్యూయార్క్ రాష్ట్రంలో. డాక్టర్ ఎర్నెస్ట్ స్టిల్‌మన్ 1928లోనే సొంత ఎస్టేటును పరిశోధన అడవిగా నడిపించి, 1949లో వీలునామా ద్వారా హార్వర్డ్‌కు అప్పగించాడు. 1989లో హార్వర్డ్ దాన్ని వదులుకుంది. విలియం గోల్డెన్ అనే దాత కొని, స్కూళ్ళూ కాలేజీలూ పరిశోధన సంస్థలూ కలిసిన కూటమికి అప్పగించబట్టి అది అడవిగా మిగిలింది. యూనివర్సిటీ పేరు పెద్దదైనంత మాత్రాన నేల భద్రం కాదని మీ పెద్దవాళ్ళకు ఈ కథ తప్పకుండా చెప్పండి.

గొలుసుకట్టు

రెండో ప్రశ్నకు నా జవాబు. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఊళ్ళో పిలుపు కాదు, ఆ గ్రామం చట్టం ప్రకారం ఏ రకం అన్నది. కృష్ణకు అవతల నూజివీడు, చల్లపల్లి లాంటి జమీందారీలు 1948 దాకా నడిచాయి. గుంటూరు వైపు అలా కాదు. 1832-33 నందన కరువు తర్వాత ఇక్కడి జమీందారులు పేష్కషు (సర్కారుకు కట్టాల్సిన సొమ్ము) కట్టలేక చితికిపోయారు, 1840లలో పెద్ద జమీందారీలన్నీ కంపెనీ స్వాధీనమయ్యాయి. కాబట్టి మీ ఊరు మూడింట్లో ఒకటి అయి ఉంటుంది: ప్రభుత్వ రైత్వారీ గ్రామం (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టేది), మొత్తం ఊరే ఇనాముగా ఇచ్చిన అగ్రహారం, లేదా రైత్వారీ ఊళ్ళో ముక్కలు ముక్కలుగా ఇనాములున్న గ్రామం. దీన్నిబట్టి వెతికే కాగితాలు మారిపోతాయి.

రైత్వారీ అయితే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నుంచి మొదలుపెట్టండి. పాత సర్వే నంబరు, కొత్త నంబరు, మెట్టా మాగాణా, తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, చివర రిమార్కులు వరసగా ఉంటాయి. రిమార్కుల కాలమ్‌ను జెరాక్సులో కత్తిరించేస్తుంటారు, మొత్తం పేజీ అడగండి. ‘తోపు’, ‘గుట్ట’, ‘కుంట’ లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి.

ఇనాము అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ తయారు చేయించింది ఇది. ఎవరు, ఎవరికి, ఏ పని నిమిత్తం ఇచ్చారు, అప్పటి అనుభవదారు ఎవరు, టైటిల్ డీడ్ నంబరు ఎంత అన్నీ ఉంటాయి. ఒక కుటుంబం నేల చరిత్ర రాసేవాడికి ఇంతకు మించిన కాగితం లేదు. విస్తీర్ణం కుచ్చెళ్ళలో (పాత నేల కొలత) ఉంటే మీరు లెక్కగట్టకండి. ఊరూరికీ అది మారేది, పక్కనే ఇచ్చిన ఎకరాల అంకె తీసుకోండి.

అగ్రహారం అయితే జాగ్రత్త. మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టానికి 1936లో వచ్చిన సవరణతో మొత్తం గ్రామం ఇనాముగా ఉన్నవి కూడా ఎస్టేటు కిందికి వచ్చాయి. ఆ తర్వాత 1948 నాటి 26వ చట్టం ఎస్టేట్లను రద్దు చేసినప్పుడు బంజరు, పోరంబోకు, మేత భూమి, అడవి అన్నీ ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. భూస్వామికి మిగిలింది సెటిల్‌మెంట్‌లో రైత్వారీ పట్టా వచ్చిన భాగం ఒక్కటే. అంటే నిజంగా ఎస్టేటే అయితే, కొండ వాలులో చిట్టడవి కుటుంబం పేర ఎలా మిగిలిందన్నదే మీ చరిత్రలో అసలు ప్రశ్న. రఫ్ పట్టా, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ) చూపించగలిగితే సరే. చూపించలేకపోతే ‘తాతల నాటి ఎస్టేటు’ అన్న మాట రాయకండి, రేపు అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత గ్రామ లెక్కలు. అడంగల్‌లో ఏటేటా ఏ సర్వే నంబరులో ఏ పంటో ఉంటుంది. పదేళ్ళకొకటి చొప్పున తీసినా చాలు, దున్నిన నేల ఎప్పుడు బీడయిందో, బీడు ఎప్పుడు తోపయిందో బయటపడుతుంది. చెట్ల పట్టాలకు 2-సి లెక్క వేరే ఉండేది, ప్రభుత్వ నేలలోని చింతలు, తాళ్ళు ఎవరి అనుభవమో అందులో దొరుకుతుంది. సంవత్సరాలన్నీ ఫసలీలో (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటాయి. ఫసలీకి 590 కలపాలి, ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1358 అంటే 1948 జూలై నుంచి 1949 జూన్ దాకా. దీన్ని చూసుకోక ఒక ఏడాది అటూ ఇటూ రాసేసిన స్థానిక చరిత్రలు కోకొల్లలు.

కాగితాలు ఎందుకు దొరకవో కూడా తెలిసి ఉండాలి. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయింది, కొన్ని లెక్కలు పాత కరణాల ఇళ్ళలోనే ఉండిపోయాయి. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు తాలూకా దస్త్రాలు పంచుకుపోయాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మళ్ళీ కదిలాయి. కాబట్టి ఒక ఆఫీసులో ‘లేదు’ అంటే పాత తాలూకా కేంద్రంలో అడగండి. పాతవి గొలుసుకట్టు రాతలో, అంటే అక్షరాలు ఒకదానికొకటి కలిపి రాసే పద్ధతిలో ఉంటాయి. అక్షరాలు విడదీయలేకపోతే ముందు పేర్లు, అంకెలు గుర్తుపట్టడం నేర్చుకోండి, మిగతాది అలవాటైపోతుంది. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జిల్లా నేపథ్యానికి 1883 నాటి గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ చూడండి. గుంటూరు 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లాలోనే ఉంది, పేరు చూసి పక్కన పెట్టెయ్యకండి.

సరిహద్దులకు ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, సర్వే నంబర్ల కొలతల పుస్తకం). పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. నేల మీద కొలిచేటప్పుడు మూడు ఊళ్ళు కలిసే ట్రైజంక్షన్ రాయి నుంచి రండి. పొలం గట్టు మీది రాయిని నమ్మితే ఎప్పుడో జరిపిన రాయే ఆధారమవుతుంది. మీ ఊళ్ళో రీసర్వే పూర్తయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చి ఉంటే, పాత సర్వే నంబరుకూ కొత్తదానికీ పొంతన చూపే పట్టిక విడిగా తీసుకోండి.

బొమ్మలు కూడా కావాలి. సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు స్కేలు పాత పటాల్లో గుంటూరు ప్రాంతం 65 డి గడిలో పడుతుంది. 1960-72 మధ్య అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలు 1995లో బయటపెట్టారు. వాటిలో మంచివైతే ఒక్కొక్క పెద్ద చింతచెట్టు గొడుగు కూడా చుక్కగా కనపడుతుంది. ఎండాకాలంలో తీసినది వెతకండి, ఆకు రాలిన అడవికీ పచ్చగా ఉండే తోపుకూ తేడా తేలిగ్గా తెలుస్తుంది.

కొండవీటిగాలి

చాలా థాంక్సండి. ఆర్‌ఎస్‌ఆర్ కాపీ ఒకటి కుటుంబం దగ్గరే ఉంది. ఊరు రైత్వారీయే. కానీ రెండు సబ్‌డివిజన్లకు పట్టాదారు కాలమ్‌లో పేరు లేదు, చుక్కలు మాత్రం ఉన్నాయి. రెండూ కలిపి 7 ఎకరాలు, అదీ కొండను ఆనుకున్న భాగమే. మిగతా 53 ఎకరాలకు ముత్తాత పేరు స్పష్టంగా ఉంది. ఈ చుక్కల వల్ల యూనివర్సిటీకి రాసివ్వడానికి అడ్డమా?

బెజవాడ_వకీలు

అడ్డమే. చుక్కల భూములంటే సర్వే నాటికి హక్కుదారు తేలక కాలమ్ చుక్కలతో వదిలేసినవి. చాలాచోట్ల వాటిని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఎక్కించారు, ఇప్పటికీ అందులో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. వీటి కోసమే 2017లో రాష్ట్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. అనుభవం రుజువులతో దరఖాస్తు పెట్టుకుని ఆర్‌ఎస్‌ఆర్‌లో పేరు ఎక్కించుకోవాలి. అది తేలేదాకా ఆ 7 ఎకరాలు దస్తావేజులో కలపకండి. కలిపితే మొత్తం దస్తావేజే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోతుంది. అడవి అంచులో ఉన్నవి కాబట్టి అటవీశాఖ రిజర్వు నోటిఫికేషన్ కూడా చూడండి. 1967కు ముందువి 1882 మద్రాసు అటవీ చట్టం 16వ సెక్షన్ కింద, తర్వాతవి ఆంధ్రప్రదేశ్ చట్టం 15వ సెక్షన్ కింద వచ్చి ఉంటాయి. గెజిట్‌లో హద్దుల వర్ణన దిక్కుల వారీగా ఉంటుంది.

ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఇండెక్స్ 1 పేర్ల వారీ, ఇండెక్స్ 2 ఆస్తి వారీ. సర్వే నంబరు తెలిస్తే రెండోది, ముత్తాత పేరు మాత్రమే తెలిస్తే మొదటిది. 1వ పుస్తకంలోని దస్తావేజులు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకం అలా కాదు, రాసిన మనిషి బతికుండగా ఆ మనిషికో ఏజెంటుకో మాత్రమే నకలు ఇస్తారు, పోయాక ఎవరైనా అడగొచ్చు. చరిత్ర రాసే బృందం ఒంటరిగా వెళితే ఇక్కడ తిప్పి పంపినా పంపొచ్చు, కుటుంబ సభ్యుల్ని వెంట తీసుకెళ్ళండి.

ఇంకొకటి ఎవరూ ఎత్తలేదు. 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం మెట్టకు కుటుంబ యూనిట్ గరిష్ఠం నేల తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు. మీరు 60 అంటున్నారు. 1975లో ఆ కుటుంబం ట్రిబ్యునల్‌కు ఇచ్చిన డిక్లరేషన్ తప్పకుండా ఉండి ఉంటుంది, సీసీ (సీలింగ్ కేసు) నంబరు పట్టుకుని తీయించండి. అప్పటి ఆస్తి మొత్తం సర్వే నంబర్లతో, అన్నదమ్ముల వాటాలతో అందులో దొరుకుతుంది. చరిత్రకూ అది బంగారమే, హక్కుకూ అదే పరీక్ష.

ఇక ఇచ్చే పద్ధతి. గిఫ్ట్ డీడ్ అయితే ఆస్తి బదిలీ చట్టం 123 సెక్షన్ ప్రకారం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి. 122 ప్రకారం దాత బతికుండగానే గ్రహీత స్వీకరించాలి. యూనివర్సిటీ స్వీకరించడమంటే వైస్ ఛాన్సలర్ సభలో శాలువా కప్పడం కాదు, పాలకమండలి తీర్మానం. అది లేకుండా డీడ్ రాసిన చోట్ల దాత పోయాక వారసులు కోర్టుకెక్కితే నిలబెట్టడం కష్టం.

హిందూ ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు మరిచిపోకండి. మన రాష్ట్ర సవరణ ప్రకారం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ప్రకారం కూతుళ్ళందరికీ వాటా ఉంది. మేనత్తల్ని వదిలేసి అన్నదమ్ములే రాసిచ్చిన దానాలు సగంలో ఆగిపోవడానికి కారణం ఇదే.

‘పరిశోధన ఆపేస్తే భూమి వెనక్కి’ అన్న షరతు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ 126 సెక్షన్ చూసి రాయాలి. దాత ఇష్టం మీద ఆధారపడని, స్పష్టంగా చెప్పిన సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ఒప్పుకోవచ్చు. ‘మాకు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం’ అని రాస్తే ఆ మేరకు దానమే చెల్లదు. ‘వరసగా ఇన్నేళ్ళు ప్లాట్ల కొలత జరగకపోతే’, ‘ఒక్క ఎకరమైనా భవనాలకు మళ్ళిస్తే’ లాంటి తేల్చి చూపగలిగే మాటలు రాయించండి.

ఆకుపచ్చదారి

వకీలు గారితో ఒక్క విషయంలో నాకు పేచీ. వరసగా ఇన్నేళ్ళు కొలత జరగకపోతే వెనక్కి అన్న షరతు పరిశోధనను చంపుతుంది. వైథమ్‌లో ప్లాట్ల కొలతల మధ్య పదేళ్ళకు పైగా ఖాళీలున్నాయి. 1974 ప్రాంతంలో వేసిన ప్లాట్లను 1991, 1999, 2012లలో తిరిగి చూశారు. అయినా ఆ వరస అమూల్యం. కొలత ఆగిందన్నది ద్రోహం కాదు, నిధులు ఆగినట్టు. భవనాలకు మళ్ళించకూడదన్న షరతు గట్టిగా పెట్టండి, కొలత షరతు వదిలెయ్యండి. నాకైతే భూమితో పాటు కాపలాదారు జీతానికి, కంచెకు సరిపడా చిన్న మూలనిధి పెట్టడం షరతులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుందనిపిస్తుంది.

బెజవాడ_వకీలు

ఒప్పుకుంటాను, కొలతకు గడువు పెట్టాల్సివస్తే 20 ఏళ్ళు పెట్టుకోవచ్చు. భవనాల షరతు మాత్రం సర్వే నంబర్ల వారీగా ఉండాలి. ‘అడవి భాగం’ అని వదిలేస్తే రేపు హాస్టల్ కట్టి ఇది తోపు భాగం అంటారు.

టేపుకర్ర

మూడో ప్రశ్న నాది. 60 ఎకరాలంటే 24.3 హెక్టార్లు. 100 మీటర్ల గడులు గీస్తే 24 కూడళ్ళు వస్తాయి. ప్రతి కూడలి దగ్గర 10 × 10 మీటర్ల ప్లాటు వెయ్యండి. మొత్తం 2,400 చదరపు మీటర్లు, అంటే నేలలో నూటికి ఒక వంతు. వైథమ్‌లో కోలియర్ డాకిన్స్ వేయించినవి ఇలాంటివే, 10 × 10 మీటర్లవి 164. ‘చెట్లు బాగున్న చోట’ ప్లాటు వేస్తే ఆ లెక్క ఎందుకూ కొరగాదు. బండ మీద పడినా, సర్కారు తుమ్మ ముళ్ళలో పడినా గడి ఎక్కడ చెబితే అక్కడే వెయ్యాలి. ఇప్పుడు 53 ఎకరాలకే వేసుకున్నా గడులు మాత్రం మొత్తానికీ గీయండి, మిగతా 7 తేలాక కలుస్తాయి.

గుర్తులు పైకి కనపడితే పోతాయి. ఇనుప కడ్డీ అయితే పాత ఇనుముకు, అల్యూమినియం బిళ్ళ అయితే గీసి చూడటానికి. వైథమ్‌లో ప్లాటు గుర్తులు భూమిలోనే పాతారు, మెటల్ డిటెక్టర్‌తో వెతుక్కుంటారు. దొంగల భయం ఒక్కటే కాదు, ప్లాటు ఎక్కడుందో తెలిస్తే పనివాళ్ళు దానిలోపల ఒకలా, బయట ఒకలా కొట్టేస్తారు. 12 మిల్లీమీటర్ల కడ్డీని 45 సెంటీమీటర్ల ముక్కలు కోయించండి. ప్లాటుకు 4 చొప్పున 96 ముక్కలు, సుమారు 38 కిలోలు. తల నేల మట్టానికి ఒక బెత్తెడు లోపల ఉండేలా దిగగొట్టండి. కొండ వాలులో రాయి తగిలి దిగకపోతే పక్కకు జరపొద్దు. గుంత తవ్వి పడుకోబెట్టి, దిశ రాసుకోండి.

ఫోన్ జీపీఎస్ చెట్ల కింద 5-10 మీటర్లు తప్పుతుంది, అంటే ప్లాటు వెడల్పంత. కాబట్టి ప్రతి ప్లాటుకు రెండు మూడు కదలని గుర్తుల నుంచి దూరం, దిక్సూచి కోణం రాయాలి. పెద్ద బండ, బావి ఒర, సర్వే రాయి పనికొస్తాయి. చెట్టు గుర్తుగా పెట్టుకోకండి, అది పడిపోవచ్చు.

వాలులో టేపు నేలకు ఆనించి 10 మీటర్లు లాగితే ప్లాటు చిన్నదైపోతుంది. అడ్డంగా 10 మీటర్లు రావాలంటే 15 డిగ్రీల వాలులో 10.35, 20 డిగ్రీల్లో 10.64, 30 డిగ్రీల్లో 11.55 మీటర్లు లాగాలి. అందరూ పొరబడేది ఇక్కడే. పదేళ్ళ తర్వాత కొలిచినవాడు సరిగ్గా లాగితే అంచున నాలుగు చెట్లు కొత్తగా ‘పుట్టుకొస్తాయి’.

చుట్టుకొలత ఎత్తు మన అటవీశాఖ పద్ధతిలో 1.37 మీటర్లు, అంతర్జాతీయ పెద్ద ప్లాట్లలో 1.3. ఏదైనా ఒకటే పెట్టుకోండి, అదే పొడవుకు వెదురుకర్ర కోసి కొండ ఎగువ వైపు నుంచి ఆనించండి. కొలిచిన చోట రంగు గీత గీయండి. బెరడు ఊడే చెట్లకు ఏటా మళ్ళీ గీయాలి. 10 సెంటీమీటర్ల చుట్టుకొలత పైబడిన ప్రతి కాండం రాయండి. చండ్ర, బలుసు నేల దగ్గరే నాలుగైదు కాండాలుగా చీలతాయి. ఒకే నంబరుకు 1ఎ, 1బి అని విడివిడిగా రాయాలి, పెద్దది ఒక్కటీ రాసి ఊరుకోవద్దు. బిళ్ళ మేకు పూర్తిగా దిగగొడితే చెట్టు లావెక్కి బిళ్ళను మింగేస్తుంది. మేకు మూడో వంతు బయట ఉంచి, కొలత గీతకు ఒక జానెడు దిగువన కొట్టండి. మేకు చుట్టూ వాపు వస్తే కొలత చెడుతుంది కనక.

ఎప్పుడు కొలవాలి? వానలు వెనకబట్టాక, నవంబరు-డిసెంబరుల్లో. ఆకు ఉంటుంది, గుర్తుపట్టొచ్చు. వేసవిలో నీళ్ళందక కాండం కొద్దిగా కుంచించుకుపోతుంది. ఒకసారి డిసెంబరులో, ఇంకోసారి మేలో కొలిస్తే చెట్టు తగ్గినట్టు లెక్క వస్తుంది. అదే నెలకు కట్టుబడండి.

చిల్లచెట్టు

టేపుకర్ర గారు చెప్పినదానికి చిన్న చేర్పులు. సర్కారు తుమ్మ పీకేద్దామని అందరికీ చేయి దురద పుడుతుంది. ముందు లెక్క పూర్తి చెయ్యండి, అది ఎక్కడిదాకా వచ్చిందన్నదే మీ చరిత్రలో చివరి అధ్యాయం. తర్వాత తీసేటప్పుడు నేల మట్టానికి కోస్తే నాలుగింతలుగా చిగురిస్తుంది. వేరుమొదలులో మొగ్గలుండే భాగం దాకా, అంటే జానెడున్నర లోతు తవ్వి తీయాలి. అదీ వానల తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు. పీకించిన చోటు, తేదీ మ్యాపులో ఎక్కించండి. తీసినచోట ఏం మొలిచిందన్నది ఒక విద్యార్థికి పరిశోధన అంశమే. సొంత నేలైనా వేరే చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, ఇది కూడా చూసుకోండి.

పేర్ల విషయం. ఊరి పేరూ శాస్త్రనామమూ రెండూ రాసి, ప్రతి జాతి నుంచి పువ్వో కాయో ఉన్న కొమ్మ ఒకటి పేపర్ల మధ్య నొక్కి దాచండి. ఇవ్వాళ ‘పాల’ అని రాసి వదిలేస్తే ముప్పయ్యేళ్ళ తర్వాత వచ్చినవాడికి అది పాలపండు చెట్టో అంకుడో తెలియదు. ఎండిన కొమ్మ ఉంటే తెలుస్తుంది.

కొండవీటిగాలి

అందరికీ కృతజ్ఞతలు. సీసీ నంబరు సంగతి పెద్దాయనకు చెప్పగానే డిక్లరేషన్ ఉందని, అప్పట్లో ముగ్గురు అన్నదమ్ముల పేర విడివిడిగా ఇచ్చామని అన్నారు. అది తీయిస్తున్నాం. ఒక్క సందేహం మిగిలింది. కింది తోపులో ఊరివాళ్ళు మేకలు మేపుకుంటారు, చింతకాయ రాలగొట్టుకుంటారు. ఇది చరిత్రలో రాస్తే యూనివర్సిటీ వాళ్ళు ఆక్రమణ అనుకుని వెనక్కి తగ్గుతారా?

ఆకుపచ్చదారి

రాయండి, దాచొద్దు. ఎన్ని మందలు, ఏ నెలల్లో, ఏ దారిన వస్తాయో మ్యాపు మీద గీత గీసి రాయండి. వైథమ్‌లో 1974కూ 1999కీ మధ్య నేల మీది ముళ్ళపొదలు బాగా తగ్గి గడ్డి పెరిగింది. జింకలు విపరీతంగా పెరగడం వల్లేనని తేలింది. కంచె వేసి, జింకల సంఖ్య తగ్గించాక పొదలు మళ్ళీ లేచాయి. మేత ఎంత ఉందో తెలియకపోతే ఆ మార్పుకు కారణం ఎవరూ చెప్పలేకపోయేవారు. మీ దగ్గర జింకల బదులు మేకలు. 24 ప్లాట్లలో ఓ 4 చోట్ల పక్కనే అదే కొలతతో ఇంకో ప్లాటు వేసి ముళ్ళకంప కాకుండా వైరు కంచె వెయ్యండి. కంప ఏడాదికే చివికిపోతుంది. కంచె వేసేముందు మందల వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ దారికి అడ్డం రాని చోటు చూసుకోండి. లేకపోతే తెల్లారేసరికి వైరు ఉండదు.

గొలుసుకట్టు

మేపుకునే హక్కు, చింతకాయ హక్కు పాత కాగితాల్లో ఉందేమో కూడా చూడండి. 2-సి లెక్క గానీ, కుటుంబం తోపును ఏటా పాటకిచ్చిన కాగితాలు గానీ ఉంటే పాటదారు పేరు, ఫసలీ, మొత్తం రాసుకోండి. ఏ ఏడు ఎంతకు పాట పోయిందో తెలిస్తే ఏ ఏడు కాపు ఎలా ఉందో కొంత ఊహించవచ్చు. అలాంటి చిట్టాలు సాధారణంగా ఇంట్లో దస్తావేజుల పెట్టెలో ఉండవు, దుకాణం పద్దుల్లో, పెళ్ళి ఖర్చుల పుస్తకాల వెనక పేజీల్లో ఉంటాయి. ఆ పుస్తకాలు ఎవరూ చెత్తకు వెయ్యకుండా ముందు ఫొటోలు తీయించండి.